బాతుల గూడెంలో తొలిగుక్క

ఎర్రపోతును మనం ఎక్కడ వదిలేశామో గుర్తుందిగా? ఉరుముల లోయ మీద అడవితీగ పట్టుకుని వేలాడుతున్నాడు. కింద చూస్తే కళ్ళు తిరిగే లోతు. పైన చూస్తే తీగ మొదట్లో ఒక ఉడుత కూర్చుని, పండగనాటి చెరుకుముక్కలా ఆ తీగనే తీరిగ్గా కొరుకుతోంది.

కట్టుకున్నది పట్టుపంచె. నెత్తిన జరీ తలపాగా, పొట్టమీద తలగడ, మూతిమీద గుర్రపు తోక వెంట్రుకల మీసం. వీటిలో ఒక్కటీ అతనిది కాదు. అతనిదంటూ ఉన్నది భుజాన వేలాడే తోలుతిత్తి ఒక్కటే. అదైనా మోత వరకే అతనిది, లోపలి నీళ్ళు దొరవారివి.

ఆ దొరవారు మణికూట రాజ్యపు మహాజలపరీక్షకుడు గజగంభీరుడు. ఏడుగుట్టల మీది గూడేల్లో నీళ్ళెలా ఉన్నాయో చూసి రమ్మని రాజుగారు ఆయన్ను ఏటా పంపుతారు. ఆయన ఏటా గుట్టల మొదటి దాకా పల్లకిలో వచ్చి, కొండకేసి ఒకసారి ఆవులించి, ఎర్రపోతు మోసుకొచ్చిన తిత్తిలోంచి రాజధాని నీళ్ళు తాగి, 'ఏడుగుట్టల నీరు అమృతతుల్యము' అని రాసి, ముద్ర కొట్టి వెళ్ళిపోతాడు. ఆరేళ్ళు ఇదే వరస. ఏడో ఏడు ఆయన సత్రంలో గురకపెడుతుండగా ఎర్రపోతు తలపాగా, తలగడ, ముద్ర అన్నీ ఎత్తుకుని కొండెక్కాడు. ఎందుకురా అంటే అతనికీ సరిగ్గా తెలియదు. ఆరేళ్ళు ఒకడి దాహం మోసినవాడికి ఏడో ఏట వీపు దురద పెడుతుంది, అంతే.

ఉడుత పని పూర్తిచేసింది. తీగ పుటుక్కున తెగింది. ఎర్రపోతు ఉయ్యాలలా ఊగి, గాలిలో రెండు మొగ్గలు వేసి, అవతలి గట్టుమీద పొట్టబోర్లా పడ్డాడు. కింద తలగడ ఉంది కాబట్టి బతికాడు. పెద్దల పొట్టలు అంతంత పెద్దవి ఎందుకుంటాయో అతనికి ఆ క్షణంలో అర్థమైంది.

తలెత్తి చూస్తే ఎదురుగా తాటిచెట్టంత భేతాళుడు. ఒకే మొండెం, రెండు తలలు. కొండదారికి కాపలా.

"ముద్ర చూపించు!" అంది కుడితల.

"ముద్ర చూడవలసినవాణ్ణి నేను. నీ పని రాసుకోవడం వరకే," అంది ఎడమతల.

"నిన్న నువ్వే చూశావుగా?"

"నిన్న వచ్చింది మేక!"

ఎర్రపోతు దుమ్ము దులుపుకుని చేతులు జోడించాడు. "అయ్యల్లారా, నాకెందుకొచ్చిన గొడవ? మీ ఇద్దరిలో ఏ తల పెద్దదో చెప్పండి, ఆ తలకే చూపించి పోతాను."

రెండు తలలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ముందు కుడితల ఎడమతల చెవి కొరికింది. ఆ తరవాత ఎవరు ఎవరిది కొరికారో చూడ్డానికి ఎర్రపోతు ఆగలేదు. కాళ్ళ సందునుంచి దూరాడు. తలగడ ఇరుక్కుంది. లాగాడు. ఊడి పడ్డాడు. పరుగు!

ఇక ఏడుగుట్టల సొంపు ఏమని చెప్పేది! తొలిసూర్యుడు కొండకొమ్మున కుంకుమ ఆరబోసినట్టు ఉన్నాడు. మంచు పొరలు పొరలుగా లోయలోకి దిగుతోంది, బద్ధకస్తురాలు దుప్పటి మడత పెట్టినట్టు. పసుపుకొమ్ముల వాసన, అడవిమల్లెల వాసన, ఇప్పపూల వాసన. వాటన్నిటినీ కిందికి నెట్టేసి పైనుంచి దిగుతున్న ఏనుగుపేడ వాసన. ఎర్రపోతు ముక్కు మూసుకుని గూడెంలో అడుగుపెట్టాడు.

గూడెంలో మొదట ఎదురొచ్చినవి బాతులు. మొత్తం పదకొండు. ఒకదాని మెడలో పూసలదండ, ఒకదాని తలమీద ఈకల కుచ్చు. అవి అరుగుమీద వరసగా కూర్చుని, ఊరిపెద్దలు కొత్తవాణ్ణి చూసినట్టు అతన్ని ఎగాదిగా చూశాయి.

వాటి పక్కన తిరగలిలో చోళ్ళు విసురుతున్న ముసలామె లేచింది. సన్నగా, గట్టిగా, ఎండు వెదురులా ఉంది. పేరు సుక్కమ్మ. గూడెం పెత్తనం ఆమెదే.

"రండి బాబూ, పరిచ్చ బాబుగోరా? ఆరేళ్ళుగా మీ రాత సూత్తన్నాం, మీ మొకం ఇదే సూడ్డం." అరుగుమీద బాతును కొంచెం జరిపింది. "సోటియ్యవయ్యా, ఒచ్చినోరు కూకోవద్దా? ఈయన మా ఆయన బాబూ."

ఎర్రపోతు బాతుకు దండం పెట్టాడు. బాతు తల ఊపింది.

అంతలో దగ్గరి ఇంట్లోంచి 'బెకబెకబెక' అని కప్పల అరుపు వినిపించింది. చూస్తే ఇంట్లో కప్పల్లేవు. పడుకుని ఉన్న మనిషి పొట్టలోంచి వస్తోంది. పక్కింట్లోనూ అదే. గూడెమంతా అదే కచేరీ.

"ఏమిటవ్వా ఇది? ఈ నీళ్ళు బా..." అనబోయాడు ఎర్రపోతు.

సుక్కమ్మ ఒక్క దూకు దూకి అతని నోరు మూసింది. మీసం సగం ఊడి ఆమె చేతికొచ్చింది. ఆమె దాన్ని మళ్ళీ అతికించి, వేలితో చెట్టుమీదికి చూపించింది. కొమ్మకు తెల్లటి శంఖం వేలాడుతోంది. దాని నోరు చెవిలా విచ్చుకుని వాళ్ళవైపే తిరిగి ఉంది. అటు ఇంకొకటి, ఇటు ఇంకొకటి.

"ఆ మాట అనకండి బాబూ. నీళ్ళకి తప్పు ఎట్టినోడు బాతైపోతాడు. మా ఆయన అన్నాడు. ఆ పదిమందీ అన్నారు. ఇదంతా మేగడంబరుడు గోరి దయ."

మేఘడంబరుడెవరో ఎర్రపోతుకు తెలుసు. రాజ్యమంతా తెలుసు. ఏడుగుట్టల నీళ్ళను శుద్ధి చేస్తానని ఆరేళ్ళ కిందట రాజుగారి దగ్గర మాటిచ్చి, నిర్మలజలసేన అనే పటాలాన్ని వేసుకుని కొండెక్కిన మాంత్రికుడు. ఎక్కినవాడు దిగలేదు. శుద్ధి అయిపోతే దిగాలి కదా, అందుకని.

"నేను నీళ్ళ మాట అన్ను," అంది సుక్కమ్మ శంఖం వైపు చూస్తూ, గొంతు బాగా పెంచి. "ఏనుగుల మాట అంటాను. పైన ఏటిగట్టున పటాలం ఉంది. ఏనుగులు నలబై. పొద్దున్నోపాలి, మజ్జేనమోపాలి ఏట్లో దిగుతాయి. మనుసులు మూడొందలు. ఆళ్ళు పొద్దున్నే సెంబట్టుకుని ఎటెల్తారో అడగండి బాబూ, నాను సెప్పను. ఆ ఏరే మా ఇళ్ళకాడికి ఒత్తాది."

"ఈ సంగతి ఎవరికీ చెప్పలేదా?"

"మొదటేడే సెప్పినాం. రాసుకున్నారు. అప్పుడు ఏనుగులు ఇరవయ్యే. రాసుకున్నాక నలబై సేసినారు."

ఎర్రపోతుకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందు రావాలో తెలియక ఎక్కిళ్ళొచ్చాయి.

"మరి ఇంతకుముందు ఏం తాగేవారు?"

"తల్లిఊట. పటాలానికి పైన, రాతిగుండెలోంచి ఒత్తాది. అక్కడికి ఏనుగు ఎక్కలేదు. అక్కడినుంచి ఎదురుబొంగులు సీల్చి దోనెలేసి గూడెం దాకా తెచ్చుకునేవోళ్ళం. పటాలం ఒచ్చి దోనెలు పీకి జెండాకర్రలు సేసింది. అడవిలో ఎదురంతా తోరణాలకే సరిపోయింది. ఊటకాడికి ఎలదావంటే దారికి కంచేసి, 'నీటి రచ్చణ' అని పలక కట్టినారు."

అప్పుడు ఒక పిల్లతల్లి వచ్చి నిలబడింది. సుక్కమ్మ మనవరాలు సిలకమ్మ. చంకలో ఆరునెలల ఆడపిల్ల. బుగ్గలు రెండూ ఇప్పపూలలా ఉన్నాయి. పేరు లేదు. ఆ గుట్టల్లో బిడ్డకు ఆరో నెల పున్నమి మధ్యాహ్నం గుట్టనీళ్ళు తొలిగుక్క పట్టాకే పేరు. ఆ గుక్క దక్కని బిడ్డ ఆ గుట్టబిడ్డ కాదు. తల్లీపిల్లా దిగిపోయి నీళ్ళు దొరికే గుట్టను వెతుక్కోవాలి. ఆరేళ్ళలో పద్నాలుగు మంది తల్లులు అలా మూట కట్టుకుని దిగిపోయారు. గూడెంలో మిగిలిన చివరి చంటిబిడ్డ ఇదే.

"ఇయ్యేల పున్నమి," అంది సిలకమ్మ. "సూరీడు నడినెత్తికొచ్చేలోగా."

"ఏవో నాలుగు చుక్కలు పట్టేస్తే..."

"పట్టడానికి నేదు బాబూ," అంది సుక్కమ్మ. "నీళ్ళిచ్చేవోడే ముందు తాగాల. తాగినాక పెద్దోళ్ళు ఆడి పొట్టకి సెవి పెట్టి, ఏడు గుప్పిళ్ళ సోళ్ళు ఇసిరినంతసేపు ఇంటారు. పొట్ట అరవకపోతేనే బిడ్డకి పడతారు. ఆరేళ్ళుగా అరవని పొట్ట మేం సూడనేదు."

రాజధానిలో నీటిపరీక్షకు పన్నెండుమంది పండితులు, రెండు బళ్ళ తాళపత్రాలు. ఇక్కడ ఒక పొట్ట, ఒక చెవి. ఇచ్చేవాడే ముందు తాగాలన్న ఒక్క ముక్క రాజధానిలో ఉంటే గజగంభీరుడు ఏనాడో కొండెక్కేవాడు, లేదా ఉద్యోగం దిగేవాడు.

తిత్తిలో రాజధాని నీళ్ళు నిండుగా ఉన్నాయి. అతను తిత్తి ముడి మీద చెయ్యి వేశాడు. సుక్కమ్మ తల అడ్డంగా ఊపింది. "అయ్యి గుట్టనీళ్ళు కావు."

ఎర్రపోతు తలపాగా సర్దుకుని లేచాడు.

పటాలం విడిది చూస్తే ఇంద్రుడికి కూడా కళ్ళు కుట్టాలి! ఎర్రపట్టు డేరాలు, వెండిగంటల తోరణాలు, నెమలీకల గొడుగులు. ఒక్కో డేరా ముందు నాలుగేసి జెండాకర్రలు, ఒక్కో కర్రా మూడు నిలువుల నిగనిగలాడే వెదురు. జెండాలమీద బంగారు జరీతో 'నిర్మలజలం' అని రాతలు. ఆ జెండాల నీడలో నలభై ఏనుగులు ఏట్లో దిగి, ఏ మొహమాటమూ లేకుండా తమ పని తాము చేసుకుంటున్నాయి. నడిమి డేరాలోంచి గురక పిడుగులా వస్తోంది. మేఘడంబరుడు ఎండెక్కేదాకా యోగనిద్రలో ఉంటాడు.

ఎర్రపోతు పటాలాన్ని నడిపే దళవాయి ముందు నిలబడి ముద్ర పైకెత్తాడు. "జెండాకర్రలన్నీ పీకించు. నిలువునా చీల్చండి. లోపలి కణుపులు కొట్టెయ్యండి. ఆ కంచె తీయించు."

"ఎందుకు స్వామీ?"

"ఎందుకు అని అడిగినవాళ్ళ పేర్లు రాసుకుంటున్నాను. నీ పేరేమిటి?"

దళవాయి మొదటి కర్ర తనే పీకాడు.

ఇక చూడాలి ఆ హడావిడి! మూడువందల మంది సైనికులు కత్తులతో వెదుళ్ళు చీలుస్తున్నారు. ఆరేళ్ళలో ఆ కత్తులు చేసిన మొదటి పని అదే. గూడెం జనం చీలికలు అందుకుని, తల్లిఊట నుంచి రాయి మీదుగా, పొద మీదుగా, పటాలాన్ని చుట్టి, పంగల కర్రలమీద ఒకదాని మూతిలో ఒకటి పెట్టుకుంటూ దిగుతున్నారు. ఎర్రపోతు కూడా ఒక దోనె ఎత్తి పెట్టాడు.

"బాబూ, ఆ కొన కిందకెట్టండి," అంది సుక్కమ్మ. "నీళ్ళకి ఎక్కడం రాదు."

"రాజధానిలో కాగితంమీద ఎక్కుతాయవ్వా," అన్నాడు ఎర్రపోతు, కొన మారుస్తూ.

బాతులు కూడా ఊరుకోలేదు. దోనె దోనెకీ ఒకటి కాపలా కూర్చుని, కారినచోట ముక్కుతో మట్టి మెత్తింది. సూర్యుడు నెత్తికి బెత్తెడు దూరంలో ఉండగా గూడెం ఇంకా పది బారల దూరంలో ఉంది. ఆ పది బారలకు వెదురు చాలలేదు.

సరిగ్గా అప్పుడు గురక ఆగింది.

మేఘడంబరుడు డేరాలోంచి వచ్చాడు. గడ్డం మోకాళ్ళదాకా, కిరీటం మబ్బుల్లోకి, వేళ్ళకు పది ఉంగరాలు, చేతిలో ఏట్లోంచి ముంచిన వెండిచెంబు. వెనక రంగులపళ్ళెంతో ఆస్థాన చిత్రకారుడు. ఆయనెక్కిన పల్లకి తిన్నగా గూడెం నడుమ దిగింది.

"ఓయీ పరీక్షకా! నా ధ్వజములేవి?"

"ఉతకడానికి వేశాం మహాప్రభూ," అన్నాడు ఎర్రపోతు.

"మరి కర్రలో?"

"అవి ఆరుతున్నాయి."

మేఘడంబరుడు దానికి అర్థం వెతికే ఓపిక లేక చెంబు పైకెత్తాడు. "కానిమ్ము. గిరిజన శిశువునకు శుద్ధజలము మా హస్తముతో ప్రసాదింతుము. ఓరీ చిత్రకారా, మా ముఖమున దయ బాగుగా పడనిమ్ము. నీవు ఇటు ముద్ర వేయుము, పటాలము మఱియొక యేడు సాగవలెను. ఏదీ, శిశువును తెండు!"

సిలకమ్మ బిడ్డను గుండెకు గట్టిగా హత్తుకుంది. సుక్కమ్మ అడ్డం వచ్చి నిలబడింది.

"ఇచ్చేవోరే ముందు తాగాల బాబూ."

"ఏమీ! మేమా? మాంత్రికులకు ఇట్టి నియమములు వర్తింపవు!"

"వర్తించకపోతే ముద్ర కూడా పడదు," అన్నాడు ఎర్రపోతు, ముద్రను నడుంలో దోపుకుంటూ. "అయినా అమృతతుల్యమని ఆరేళ్ళు రాసిన నీళ్ళు. ఒక్క గుక్కకి భయమేమిటి ప్రభూ?"

"రంగులు ఎండిపోతున్నాయి స్వామీ," అన్నాడు చిత్రకారుడు. "దయ కూడా."

మేఘడంబరుడు అటూ ఇటూ చూశాడు. ఆరేళ్ళుగా అతని నోట్లోకి మజ్జిగ వెళ్ళింది, పన్నీరు వెళ్ళింది, ద్రాక్షరసం వెళ్ళింది. ఏటినీరు ఒక్క చుక్క వెళ్ళలేదు. తాగినట్టు నటిద్దామని చెంబు పెదవికి ఆనించాడు. అదే సమయానికి ఎర్రపోతు భక్తిగా వెనకనుంచి వీపుమీద ఒక్కటి చరిచాడు. "దీర్ఘాయుష్మాన్!"

గటుక్కున మింగుడు పడింది.

"థూ! థూ! ఇవి నీళ్ళా? ఏనుగు తొట్టి కడిగిన కుడితి ఇంతకంటె..."

భోం!

కొమ్మమీది శంఖం మోగింది. పొగ లేచింది. పొగ తేలిపోయాక కిరీటం కింద ఒక బాతు ఉంది. దానికి గడ్డం కూడా ఉంది. వెండిచెంబు సగం నీళ్ళతో పల్లకి పక్కన నిలబడి ఉంది.

గూడెం నవ్విన నవ్వుకు కొండ దద్దరిల్లింది. కానీ సుక్కమ్మ మొగుడి కేసి చూసి నవ్వు మింగేసింది. మంత్రం తిప్పవలసినవాడు ఇప్పుడు 'క్వాక్' తప్ప అనలేడు.

"అవ్వా, పొద్దు!" అని అరిచింది సిలకమ్మ.

ఎర్రపోతు పల్లకి వైపు దూకాడు. పల్లకి బొంగు ఎంత పొడుగు? సరిగ్గా పది బారలు! పెద్దమనిషి పల్లకికి బొంగు కూడా పెద్దదే ఉంటుంది మరి. దళవాయి కత్తి దూసి ఒక్క వేటున చీల్చాడు. ఆఖరి దోనె ఆఖరి మూతిలో కూర్చుంది. అందరూ ఊపిరి బిగబట్టారు. ముందు ఏమీ రాలేదు. తరవాత ఒక ఎండుటాకు వచ్చింది. ఒక చీమ వచ్చింది. ఆ వెనక చల్లగా, సన్నగా, గాజుదారంలా నీళ్ళు వచ్చి, ఇసుకా బొగ్గూ నింపిన చిల్లుకుండలో పడి, కిందినుంచి బొట్టుబొట్టుగా సొరబుర్రలోకి దిగాయి.

"ఎవులిత్తారు?" అంది సుక్కమ్మ. గూడెం పొట్టలన్నీ అప్పటికే అరుస్తున్నాయి. అరవని పొట్ట ఒక్కటే ఉంది.

ఎర్రపోతు బుర్ర అందుకున్నాడు. ఆరేళ్ళు తిత్తి మోశాడు కానీ, ఎవరికైనా నీళ్ళిచ్చే హక్కు అతనికి ఏనాడూ లేదు. కళ్ళు మూసుకుని తాగాడు.

సుక్కమ్మ, ఇంకో ముసలివాడు, బాతుగారు వచ్చి అతని పొట్టకు చెవులు ఆనించారు. తిరగలి కదిలింది. ఒక గుప్పెడు. రెండు గుప్పిళ్ళు.

"ఏటి బాబూ," అంది సుక్కమ్మ, "మీ పొట్టలో దూది ఉంది?"

చెయ్యి పెట్టి తలగడ బయటికి లాగింది. దానితోపాటు మీసం కూడా రాలిపోయింది. బక్కపొట్ట, ఎండిన మొహం. సైనికులు గుసగుసలాడారు.

"ఏసం ఎవుడిదైతే ఏటి?" అని గదమాయించింది సుక్కమ్మ. "పొట్ట మనిసిదే. తిరగలి ఆపకండి!"

మూడు. నాలుగు. ఐదో గుప్పెడు దగ్గర పొట్టలోంచి 'గుర్ర్ర్' అని వినిపించింది. సిలకమ్మ కెవ్వుమంది. సుక్కమ్మ చెయ్యెత్తి, చెవి ఇంకా గట్టిగా ఆనించింది.

"కప్ప కాదు. ఆకలి. పాపం, నిన్నటేలనుంచి ఏటీ తిన్నేదు ఈడు."

ఆరు. ఏడు. తిరగలి ఆగింది. పొట్ట అరవలేదు.

ఎర్రపోతు బిడ్డ నోటికి బుర్ర వంచాడు. బిడ్డ మొదట మొహం చిట్లించింది. తరవాత చప్పరించింది. తరవాత రెండు చేతులతో బుర్ర పట్టుకుని ఇంకా కావాలని ఏడ్చింది. గూడెంలో ఆరేళ్ళకు ఇంకా నీళ్ళు కావాలన్న ఏడుపు విని అందరూ నవ్వారు.

"నీళ్ళిచ్చినోడి పేరే బిడ్డకి," అంది సుక్కమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "నీ పేరేటి నాయినా?"

"ఎర్రపోతు."

"ఆడపిల్లకి పోతేటి! ఎర్రమ్మ అందాం."

ఆ మాట పూర్తికాలేదు. కొమ్ముబూర మోగింది. ఏనుగుల దారిన వంద ఈటెలు తళతళలాడుతూ వచ్చాయి. మధ్యలో నలుగురి భుజాలమీద తలపాగా లేని తల, తలగడ లేకపోయినా తగ్గని పొట్ట. అసలు గజగంభీరుడు! తిత్తివాడు పారిపోయాడు కాబట్టి నిన్నటినుంచి ఆయన గొంతులో చుక్క నీరు పడలేదు. నాలుక పీచులా బయటికి వచ్చింది.

"తిత్తి ఏదిరా!" అని కీచుమన్నాడు అలవాటు కొద్దీ.

"తెస్తున్నానయ్యా!" అన్నాడు ఎర్రపోతు, అలవాటు కొద్దీ.

అని నాలుక కరుచుకున్నాడు. ఆరేళ్ళ అలవాటు ఒక్క రోజు వేషాన్ని మింగేసింది. వంద ఈటెలు అతనివైపు తిరిగాయి. ఇద్దరు భటులు అతన్ని నేలకు అదిమారు. మావటి ఒక ఏనుగును తెచ్చి, దాని పాదం సరిగ్గా అతని గుండె మీదుగా ఎత్తించి, ఆజ్ఞ కోసం దొర నోటికేసి చూశాడు. తొక్కించు అని ఒక్క మాట చాలు.

గజగంభీరుడు నోరు తెరిచాడు. 'క్ర్ర్' తప్ప ఏమీ రాలేదు. ఆజ్ఞ ఇవ్వాలంటే గొంతు తడవాలి. ఆయన కళ్ళు గిర్రున తిరిగి పల్లకి పక్కనున్న వెండిచెంబు మీద ఆగాయి. వెండి కనబడితే పెద్దలకు అనుమానం ఉండదు. ఒక్క ఉదుటున లాక్కున్నాడు.

"నేనియ్యనేదు సుమా," అంది సుక్కమ్మ, బిడ్డను ఎత్తుకుని వెనక్కి జరుగుతూ. "నేనిస్తే నేనే ముందు తాగుదును."

ఆయన ఎత్తిన చెంబు దించకుండా తాగాడు. దించాడు. మొహం పచ్చబడింది. తరవాత నీలమయింది. పొట్టలో ఎక్కడో ఒక కప్ప లేచి 'బెక' అంది. రెండోది జవాబు చెప్పింది. గొంతు తడిసింది. ఏనుగు పాదం ఎర్రపోతు రొమ్ముమీద జానెడు ఎత్తున ఆగి ఉంది. గజగంభీరుడు ఛాతీ నిండా గాలి పీల్చి, రెండు చేతులూ పైకెత్తి, నోరు తెరిచాడు.

కొమ్మమీది శంఖం మెల్లిగా ఆయనవైపు తిరిగింది.

అప్పటికే అరుగెక్కి కూర్చున్న పన్నెండు బాతులూ కొంచెం కొంచెం జరిగి, వరస చివర ఒకరికి చోటు చేశాయి.